గుడిదీర్ఘం ఇస్తే జాలీ

గుడి ఇస్తే జాలి, గుడిదీర్ఘం ఇస్తే జాలీ. రెండింటికీ చుట్టరికం లేదు. మొదటిది మనింటి మాట, రెండోది ఇంగ్లిషువాళ్ల వెంట వచ్చింది. విశాఖలో రెండోదానికే గిరాకీ ఎక్కువ. ఆర్కే బీచ్‌కో, కైలాసగిరికో, అరకు రైలుకో బయల్దేరిన కుర్రాణ్ణి ‘ఎందుకురా?’ అంటే ‘ఊరికే, జాలీగా’ అంటాడు. ఆ ‘ఊరికే’లోనే సగం అర్థం ఉంది.

ఇంగ్లిషువాడి జాలీ ఎక్కువగా మనిషి స్వభావం: నవ్వుమొహం, కాస్త బొజ్జ, చేతిలో గ్లాసు. పాత ఫ్రెంచిలోని ‘జోలిఫ్’ 14వ శతాబ్దం నాటికి ఇంగ్లిషులో కుదురుకుంది. అప్పట్లో ఉల్లాసంతో పాటు ధైర్యం, అందం, కామం, పొగరు కూడా అందులో ఇమిడేవి. ఉత్తర ఐరోపా వాళ్లు నడిచలికాలంలో చేసుకునే ‘యూల్’ పండగే దానికి మూలమని కొందరు పండితుల ఊహ. ఫ్రాన్సులో అదే మాట ‘జోలీ’గా మిగిలి, ముద్దొచ్చే వస్తువులకు విశేషణమైంది.

ఈ జోలీవాళ్లూ జాలీవాళ్లూ మన రేవు ముందే కొట్టుకున్నారు. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినోయా ‘మరెంగో’ అనే పెద్ద యుద్ధనౌకతో, మరో రెండు ఫ్రిగేట్లతో విశాఖ మీదికి వచ్చాడు. ఇక్కడ లంగరేసుకుని ఉన్నది బ్రిటిష్ నౌక ‘సెంచూరియన్’. దాని కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు. ఫిరంగులు మోగాక పడవెక్కి ఓడకు చేరుకున్నాడు. తీరం దగ్గర లోతు తక్కువ కావడంతో మరెంగో మరీ దగ్గరికి రాలేకపోయింది. రేవులో ఉన్న ఒక వర్తక నౌకను పట్టుకుని ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు, ఇంకొకటి ఒడ్డుకెక్కి పాడైపోయింది. విశాఖను కాపాడింది ఫిరంగుల కంటే ఇసుకే అని నాకనిపిస్తుంది.

నావికుల నోట జాలీ అన్న మాట మరీ తిరిగింది. పుర్రె బొమ్మ ఉన్న సముద్రపు దొంగల జెండాకు ‘జాలీ రోజర్’ అనే పేరు 1724 నాటి పుస్తకంలోనే అచ్చయింది. ఓడల్లో పనిచేసే మెరీన్ సైనికులను ‘జాలీలు’ అని ఆటపట్టించేవారు. పెద్ద ఓడకు తోడుండే చిన్న పడవ ‘జాలీ బోట్’. అయితే ఆ జాలీ వేరే వంశం కావచ్చు, పడవకు డేనిష్ పేరైన ‘యోల’తో దానికి సంబంధం చెబుతారు.

సంతోషం విషయంలో తెలుగువాడు అప్పుకు వెనకాడడు. ఖుషీ, మజా, హుషారు మూడూ పారసీ దారిలో వచ్చినవే. మజా అంటే అక్కడ రుచి, హుషారు అంటే మెలకువ. తమాషా అరబ్బీ నుంచి బయల్దేరింది. దాని మూలంలో ఉన్నది నడక, నలుగురూ కలిసి నడవడం. పొద్దున్నే వాహనాలు ఆపేసిన బీచ్ రోడ్డుకు అంతకంటే సరైన మాట నాకు దొరకలేదు. సాయంత్రం అదే రోడ్డు మురీ మిక్చర్ బళ్లది.

గాజువాక దాటాక జాలీకి షిఫ్టు లెక్క పడుతుంది. ఉక్కు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముచ్చటైన పేర్లున్నాయి గానీ, మండుతున్న కొలిమికి ఆదివారం ఉండదు. ‘ఏ’ షిఫ్టువాడికి సాయంత్రం అప్పికొండ తీరం దొరుకుతుంది, ‘బీ’ షిఫ్టువాడు అప్పుడే డ్యూటీలో ఉంటాడు. ఈ ప్లాంటు కథ కూడా జాలీగా సాగింది కాదు. దీని కోసం 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 2021 జనవరిలో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చాక కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం వెలిసింది.

రేవు కథ ఇంకో రకం. రెండు పాత ఓడల్ని రాళ్లతో నింపి, ముంచి, అలలకు అడ్డుకట్టగా వాడుకుని కట్టిన ఈ హార్బరులోకి 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ వచ్చింది. 2023లో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. క్రూయిజ్ ఎక్కేవాడు జాలీ ట్రిప్ అంటాడు. అండమాన్ ఓడ ఎక్కే శ్రీకాకుళం కూలీ మూటా ముల్లె సర్దుకుని ‘పనికెళ్తన్నాం’ అంటాడు.