ఆ స్కోరు ఎలా వచ్చింది?

బీటెక్ అయిపోయిన కొత్తలో సరూర్‌నగర్‌లో ఓ హాస్టల్ పైఅంతస్తు గదిలో ఉండేవాణ్ని. పగలంతా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్. రాత్రయితే నా సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ముందు కూర్చునేవాణ్ని. దానికున్న గొప్ప ఒక్కటే. లోపలున్నది ఇంటెల్ ‘కె’ రకం ప్రాసెసర్, అంటే వేగానికి కంపెనీ తాళం వేయనిది. చెప్పిన వేగం కన్నా ఎక్కువలో నడుపుకోవచ్చు. దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు.

ఇందుకోసం ఇంటెల్ సంస్థే ఎక్స్‌ట్రీమ్ ట్యూనింగ్ యుటిలిటీ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇస్తుంది. వాడేవాళ్లంతా ఎక్స్‌టీయూ అంటారు. స్లైడర్ జరిపితే వేగం పెరుగుతుంది. బెంచ్‌మార్క్ బటన్ నొక్కితే స్కోరు వస్తుంది. ఆ స్కోరును నేరుగా హెచ్‌డబ్ల్యూబాట్‌కు పంపే వీలు కూడా అప్పట్లో ఉండేది. ప్రపంచమంతటి ఓవర్‌క్లాకర్లకు ర్యాంకులిచ్చే వేదిక అది. నా రూమ్మేట్లు సినిమా రివ్యూలు చదువుతుంటే నేను ర్యాంకుల పట్టిక చదివేవాణ్ని. ఓ రాత్రి మంచి స్కోరే వచ్చింది. తెల్లారేసరికి రెజ్యూమెలో ఎక్కించేశా.

కొన్నాళ్లకు ఓ చిప్ కంపెనీ ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. ప్యానెల్‌లో ఉన్న పెద్దాయన ఆ లైను దగ్గరే ఆగారు.

‘‘ఎన్నిసార్లు రన్ చేశారు?’’

‘‘చాలాసార్లు సార్. బెస్ట్ వచ్చింది రాశాను.’’

‘‘మిగతావి ఎంతొచ్చాయి?’’

గుర్తులేదు.

‘‘వోల్టేజి ఎంత పెట్టారు?’’

ఆటోలో వదిలేశా.

‘‘గదిలో ఉష్ణోగ్రత?’’

మే నెల, రేకుల కప్పు. అంతకు మించి చెప్పడానికి నా దగ్గరేం లేదు. ఆయన కోప్పడలేదు, ‘‘సరే, ఇంకేం చేశారు?’’ అని పేజీ తిప్పేశారు. ఉద్యోగం రాలేదు. ఆ నాలుగు ప్రశ్నలకు జవాబులు మీ దగ్గరుండాలనే ఇదంతా రాస్తున్నా.

లోపల జరిగేదేంటి?

ప్రాసెసర్ వేగమంటే ఓ చిన్న గుణకారం. బేస్ క్లాక్‌ను మల్టిప్లయర్‌తో గుణిస్తే వచ్చేదే. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ కథ ఇప్పటికీ చెప్పుకొంటారు. దాని మల్టిప్లయర్ 4.5, బస్ వేగం 66 మెగాహెర్ట్జ్. బస్‌ను 100కు మారిస్తే చాలు, 300 మెగాహెర్ట్జ్ చిప్ 450లో పరుగెత్తేది. ఖరీదైన పెంటియం వేగం చవక చిప్‌లో దొరికేసరికి కుర్రాళ్లు ఎగబడ్డారు.

ఇప్పుడంత మిగులు దొరకదు. టర్బో బూస్ట్ పేరుతో కంపెనీలే చిప్‌ను అంచు దాకా తీసుకెళ్లి అమ్ముతున్నాయి. మరి రికార్డులు కొట్టేవాళ్లో? 2011లో ఏఎండీ ఎఫ్‌ఎక్స్ చిప్‌ను 8.429 గిగాహెర్ట్జ్ వరకు తీసుకెళ్లి గిన్నిస్‌లోకి ఎక్కారు. 2023లో ఇంటెల్ చిప్ ఒకటి 9 గిగాహెర్ట్జ్ దాటింది. వాటిని చల్లబరచడానికి వాడింది ద్రవ హీలియం. మన దగ్గరున్నది సీలింగ్ ఫ్యాను.

ఈసీఈ వాళ్లకు ఈ సూత్రం సిలబస్‌లోనే ఉంటుంది. సీమాస్ సర్క్యూట్ స్విచింగ్‌లో ఖర్చయ్యే పవర్.. ఫ్రీక్వెన్సీని బట్టి, వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండింటినీ 10 శాతం చొప్పున పెంచితే పవర్ 33 శాతం ఎగబాకుతుంది. ఆ వేడంతా బయటికి పోవాలి. పోకపోతే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. దాన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. స్లైడర్ పెంచినా స్కోరు పడిపోతుంటే కారణం చాలాసార్లు ఇదే.

అదే సూత్రాన్ని తిరగేయండి. వేగం అలాగే ఉంచి వోల్టేజిని 5 శాతం తగ్గిస్తే ఆ పవర్ దాదాపు 10 శాతం తగ్గుతుంది. వేడికి ఆయాసపడే ల్యాప్‌టాప్‌లో ఈ పద్ధతి, అంటే అండర్‌వోల్టింగ్, ఓవర్‌క్లాకింగ్ కన్నా ఎక్కువ పనికొస్తుంది. అయితే 2019 డిసెంబరులో పరిశోధకులు ‘ప్లండర్‌వోల్ట్’ అనే భద్రతా లోపాన్ని బయటపెట్టాక చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ ఆప్షన్‌కు బయాస్ నుంచే తాళం పడింది. మీ దాంట్లో స్లైడర్ కదలకపోతే అదీ కారణం కావచ్చు. కొన్ని మోడళ్లలో ఎక్స్‌టీయూ ఇన్‌స్టాలే కాదు. ఫర్వాలేదు, సినీబెంచ్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో రెండూ ఉచితమే. వాటితో కొలవడమైతే నేర్చుకోవచ్చు. డెస్క్‌టాప్‌లో ఏఎండీ రైజెన్ ఉంటే రైజెన్ మాస్టర్ ఉంది.

నోట్‌బుక్ తీయండి

మొదట ఏమీ మార్చకుండా అదే బెంచ్‌మార్క్‌ను కనీసం 5 సార్లు నడపండి. ప్రతిసారీ స్కోరు, గరిష్ఠ ఉష్ణోగ్రత, ప్యాకేజీ పవర్, గది ఉష్ణోగ్రత రాయండి. మొదటి స్కోరు తరచూ అన్నిటికన్నా ఎక్కువ వస్తుంది, మెషీన్ అప్పటికింకా చల్లగా ఉంటుంది కాబట్టి. నేను రెజ్యూమెలో రాసుకున్నది బహుశా అలాంటి స్కోరే! పదో తరగతిలో చదివిన మధ్యగతం ఇక్కడ అక్కరకొస్తుంది. అయిదింటిలో మధ్యది తీసుకోండి. ఏ మార్పూ చేయకుండానే స్కోర్లు 3 శాతం అటూ ఇటూ ఊగుతుంటే, మీరు సాధించిన 2 శాతం పెరుగుదలకు అర్థం లేదు.

తర్వాత ఒకేసారి ఒకటే మార్చండి. ఫ్రీక్వెన్సీ అయితే ఫ్రీక్వెన్సీ, వోల్టేజి అయితే వోల్టేజి. మార్చిన ప్రతిసారీ స్ట్రెస్ టెస్ట్ నడిపి, నిలబడిందా పడిపోయిందా రాయండి. అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా వోల్టేజి వేసి గళ్లు నింపుతూ పోతే ఓ పటం తయారవుతుంది. చిప్ ఇంజినీర్లు దీన్ని ‘ష్మూ ప్లాట్’ అంటారు (1948 నాటి ఓ అమెరికన్ కామిక్‌లోని బొద్దు ప్రాణి పేరది, తొలినాటి పటాల ఆకారం దాన్నే గుర్తుచేసేదట). కొత్త చిప్ ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ల్యాబ్‌లో చేసే పోస్ట్-సిలికాన్ వ్యాలిడేషన్‌లో ఇలాంటి పటాలు గీయడం మామూలు పని. వాళ్ల పరికరాలు ఖరీదైనవి. పటం మాత్రం మీరు గీసినలాంటిదే.

స్కోరు చూడగానే నమ్మకూడదని ఎక్స్‌టీయూ కన్నా గట్టిగా నేర్పే ఉదంతం ఒకటుంది. 2013లో హెచ్‌డబ్ల్యూబాట్ విండోస్ 8లో వచ్చిన స్కోర్లను తీసుకోవడం ఆపేసింది. విండోస్ నడుస్తుండగా బేస్ క్లాక్ మారిస్తే ఆ సిస్టమ్‌లో గడియారమే తప్పుతోందని తేలింది. 130 నుంచి 122 మెగాహెర్ట్జ్‌కు దించి చూస్తే, 5 నిమిషాల్లో 18 సెకన్లు మాయం! గడియారం నెమ్మదిస్తే పని త్వరగా అయినట్టు కనిపిస్తుంది, స్కోరు పెరుగుతుంది. ఎవరూ మోసం చేయకపోయినా అంకె అబద్ధం చెప్పింది. ఇంటర్వ్యూలో ‘‘మీ కొలతను మీరెందుకు నమ్మారు?’’ అని అడిగితే ఈ సంగతి గుర్తుచేసుకోండి.

ఓ హెచ్చరిక. మీ చదువు, ప్రాజెక్టు, అప్లికేషన్లు అన్నీ ఒకే ల్యాప్‌టాప్ మీద నడుస్తుంటే, అదీ ఇంట్లోవాళ్లు ఈఎంఐ కడుతున్నదైతే, వోల్టేజి పెంచొద్దు. తగ్గిస్తే హ్యాంగవ్వొచ్చు, పెంచితే చిప్ దెబ్బతినొచ్చు, వారంటీ కూడా పోవచ్చు. 13, 14 తరం ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని అధిక వోల్టేజి వల్లే అస్థిరంగా మారడంతో ఆ కంపెనీ 2024లో మైక్రోకోడ్ సవరించి, వారంటీని రెండేళ్లు పొడిగించాల్సి వచ్చింది. ఎవరూ స్లైడర్ ముట్టకుండానే ఆ పరిస్థితి.

ఇంటెల్ 2019లో హైదరాబాద్‌లో డిజైన్ కేంద్రం తెరిచింది. ఏఎండీ, క్వాల్‌కామ్ ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నాయి. వాళ్ల ప్రకటనల్లో ‘వ్యాలిడేషన్’, ‘పెర్ఫార్మెన్స్’, ‘పవర్ అండ్ థర్మల్’ అనే మాటలు వెతకండి. పైథాన్‌తో లాగ్ ఫైలు చదివి గ్రాఫ్ గీయడం వస్తే ఇంకా మంచిది. రెజ్యూమెలో ‘ఓవర్‌క్లాకింగ్ హాబీ’ అని రాస్తే ఎవరూ ఆగరు. ఎన్ని సెట్టింగులు, ఒక్కోదానికి ఎన్ని రన్‌లు, ఎంత తేడా, ఏ ఉష్ణోగ్రతలో.. ఒకే లైనులో రాయండి.

రెండో ఇంటర్వ్యూకు నేను ఆ గళ్ల కాగితం పట్టుకెళ్లా. ఈసారి ప్యానెల్‌లో ఉన్నావిడ దాన్ని చాలాసేపు చూసి, మధ్యలో ఖాళీగా ఉన్న ఒక గడి మీద వేలు పెట్టారు. ‘‘ఇక్కడ ఎందుకు కొలవలేదు?’’

‘‘ఆ టైంలో హాస్టల్‌లో ఫ్యూజు పోయింది మేడమ్.’’

ఆవిడ నవ్వి, తర్వాతి ప్రశ్న కూడా ఆ కాగితం మీదే అడిగారు.