ధాతకి: పర్యాయనామాలలోని వస్తుజ్ఞానం

సంస్కృత నిఘంటువులలో ఒక్క ఓషధికే పది పన్నెండు పేర్లు కనిపించినప్పుడు, అవి ఛందస్సు నిమిత్తం కూర్చిన పర్యాయపదాలని భావించడం కద్దు. ఓషధీనామాల విషయంలో ఈ భావన సరికాదు. వాటిలో పెక్కు అన్వర్థాలు. మొక్క ఆకారం, ఉనికి, వినియోగం అనే మూడు అంశాలను ప్రాచీనులు పేర్లలోనే నిక్షేపించారు. ఇందుకు ధాతకి చక్కని నిదర్శనం.

వృక్షశాస్త్రంలో ధాతకి పేరు వుడ్‌ఫోర్డియా ఫ్రూటికోసా. గోరింట చేరిన లిథ్రేసీ కుటుంబానికే ఇదీ చెందినది. తూర్పు కనుమలు మొదలుకొని హిమాలయాలలో సుమారు 1500 మీటర్ల ఎత్తు వరకు, ఎండ తగిలే రాతి వాలులలో ఇది పొదగా పెరుగుతుంది. ఎత్తు సామాన్యంగా ఒకటి నుండి మూడు మీటర్లు. శిశిరం నుండి వసంతం వరకు కొమ్మల పొడవునా ఎర్రని పూలగుత్తులు వెలువడుతాయి.

అమరకోశంలోని వనౌషధివర్గం ఈ పొదకు ధాతకి అనే పేరుతోపాటు అగ్నిజ్వాల అనే పేరును కూడా చెప్పినది. పదహారవ శతాబ్ది నాటి భావప్రకాశంలో తామ్రపుష్పి, ధాతుపుష్పి, బహుపుష్పి మొదలైన నామాలు కలవు. అగ్నిజ్వాల, తామ్రపుష్పి వర్ణాన్ని, బహుపుష్పి సమృద్ధిని తెలుపుతాయి. కావ్యభాషలో ధాతువనగా జేగురు వంటి కొండమన్ను కూడా కనుక, ధాతుపుష్పి అనే పేరు పూవు రంగును, పొద పుట్టిన నేలను ఒక్కమారే స్ఫురింపజేస్తుందని అర్థం చెప్పుకొనవచ్చును. ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. ఈ పూవులో ఎర్రగా కనిపించేది ప్రధానంగా గొట్టం వంటి రక్షకపత్రావళి. ఆకర్షక పత్రాలు అతి చిన్నవి. ఆ గొట్టం రాలిపోక కాయను చుట్టుకొని నిలిచి ఉంటుంది.

ఔషధ నిఘంటువులలో కనిపించే సీధుపుష్పి, మద్యవాసిని అనే పేర్లు వినియోగాన్ని సూచిస్తాయి. చరకసంహిత సూత్రస్థానంలో పరిగణింపబడిన పది పుష్పాసవాలలో ధాతకీపుష్పాసవం ఒకటి. అశోకారిష్టం, దశమూలారిష్టం, కుమార్యాసవం వంటి ప్రసిద్ధ యోగాలలోనూ ధాతకీపుష్పం చేరుతుంది. అరిష్ట నిర్మాణంలో మూలికలను నీటిలో కాచి కషాయం తీస్తారు. అది చల్లారిన పిదప బెల్లం, ధాతకీపుష్పాలు చేర్చి, పాత్ర మూతికి సీలమన్ను చేసి కొన్ని వారాలు కదపక ఉంచుతారు. దీనికే సంధానమని పేరు.

ఈ క్రమంలో హేతువు కలదు. మరిగించుటచే కషాయంలోని సూక్ష్మజీవులు చాలా వరకు నశిస్తాయి. పులియుటకు కావలసిన ఈస్టు వెలుపలి నుండి రావాలి. ధాతకీపుష్పాలపై ఈస్టు ఉన్నట్లు ఆధునిక పరిశోధకులు గుర్తించారు. కషాయం వేడిగా ఉండగానే పూలు వేసినచో ఆ ఈస్టు కూడా నశించును. ఇక పూలలో సమృద్ధిగా ఉన్న టానిన్లకు కొన్ని బాక్టీరియాలను నిరోధించే గుణం కలదు. ఈస్టు బెల్లంలోని చక్కెరను మద్యసారంగా మార్చగా, ఆ మద్యసారమే ఔషధాన్ని చాలాకాలం చెడకుండా కాపాడుతుంది. మద్యవాసిని అనే పేరు ఈ అనుభవం నుండి పుట్టినదే.

తెలుగులో ధాతకికి ఆరెపువ్వు అనే పేరు వాడుకలో ఉన్నది. అయితే ఆరె అనే పేరు బాహీనియా రెసిమోసా అనే మరొక చెట్టుకు కూడా కలదు. అది దేవకాంచనం జాతికి చెందినది. దాని ఆకు రెండు తమ్మెలుగా చీలి ఉంటుంది. ధాతకి ఆకు చీలిక లేక, కోలగా, కొన తేలి ఉంటుంది. దాని పూవు లేత పసుపు కలిసిన తెలుపు, ధాతకిది ఎరుపు. దేశీయనామం ఒక్కటే ఆధారంగా మూలికను సేకరించినచో పొరపాటుకు అవకాశం ఉన్నది. తామ్రపుష్పి అనే ఒక్క పర్యాయం జ్ఞాపకమున్న వైద్యుడు ఈ పొరపాటు చేయడు. కనుక ఓషధీనామాలను తెలుగులోనికి తెచ్చేటప్పుడు ఒక్క పేరుతో సరిపుచ్చక, లక్షణబోధకాలైన పర్యాయాలను కూడా అర్థసహితంగా ఇవ్వడం అవసరం.

మరొక అంశం. ఔషధంగా మిక్కిలి వాడుకలో ఉన్నది పూవే కనుక, కోసిన ప్రతి గుత్తీ రాబోవు విత్తనాన్ని హరిస్తుంది. కొమ్మలు విరువక, కొన్ని గుత్తులనైనా కాయలుగా పండనిచ్చినప్పుడే రాతి వాలులలో ఈ పొద మళ్లీ మొలకెత్తుతుంది. బహుపుష్పి అనే పేరు సార్థకమై నిలుచుట ఇకపై సేకరించేవారి వివేకంపై ఆధారపడి ఉన్నది.