స్నోమొబైల్ యాత్ర – వెనుదిరగడానికి ఒక ప్రణాళిక

తెలుగులో 'మంచు' అనే మాట ఒక్కటే. పుష్యమాసపు ఉదయాన పొలాలపై కమ్మేది మంచే. గడ్డిపరక కొనపై నిలిచే బిందువు మంచే. హిమాలయ శిఖరాలను కప్పి ఉన్నదీ మంచే. ఉర్దూ ఈ విషయంలో కొంత నయం. పొగమంచుకు 'కోహ్రా' అనీ, మంచుబిందువుకు 'షబ్నమ్' అనీ అందులో వేర్వేరు మాటలున్నవి. అయినను ఆకాశం నుండి రాలేదానికీ, నీరు గడ్డకట్టగా ఏర్పడినదానికీ ఆ భాషలోను 'బర్ఫ్' ఒక్కటే. మన నేలపై బ్రతికేవారికి ఇంతకంటె సూక్ష్మమైన విభజన అవసరం కాలేదు.

కాని మంచు మీదనే ప్రయాణం సాగించేవారికి ఈ భేదం తెలియకపోతే ప్రాణానికే ముప్పు. కావున ఈ వ్యాసంలో రాలేదానిని 'హిమం' అనీ, నీరు ఘనీభవించినదానిని 'మంచుగడ్డ' అనీ వ్యవహరిస్తాను.

ఈ విషయం వ్రాయడానికి కారణం మన కళాశాల పూర్వవిద్యార్థి ఒకడు వ్రాసిన ఉత్తరం. అతడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు ఉత్తర భాగాన, హౌటన్ పట్టణంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. "సార్, ఇక్కడ రెండు రోజుల విహారానికి ఏర్పాట్లు చేసుకోవడం పరీక్షకు చదవడం కంటె కష్టం. పరీక్షకు కనీసం పాఠ్యప్రణాళిక అయినా ఉంటుంది" అని అతడు వ్రాసిన వాక్యం నన్ను ఆలోచింపజేసింది. ఆ ఉత్తరం ఆధారంగాను, తరువాత నేను చదివి తెలుసుకొన్న అంశాల ఆధారంగాను ఈ విషయాన్ని మీ ముందుంచుతున్నాను.

యంత్రం, దాని పుట్టుక

స్నోమొబైల్ అనగా హిమం మీద పరుగెత్తే మోటారు బండి. ముందువైపు చక్రాలకు బదులు రెండు స్కీలు, అనగా కొనలు పైకి వంగిన పొడవాటి పలకలు ఉంటాయి. వెనుకవైపు వెడల్పైన రబ్బరు పట్టా ఒకటి ఇంజను శక్తితో తిరుగుతూ హిమాన్ని పట్టుకొని బండిని ముందుకు నెడుతుంది. నడిపేవాడు మోటారుసైకిలుపై వలె కూర్చుండి, చేతిపిడులతో దిశ మారుస్తాడు.

నేడు ఇది వినోద వాహనం. కాని దీని చరిత్రలో ఒక తండ్రి దుఃఖం ఉన్నది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో, వాల్‌కూర్ గ్రామానికి చెందిన జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియే యువకుడుగా ఉన్నప్పటి నుండి హిమం మీద నడిచే బండికై ప్రయోగాలు చేస్తుండేవాడు. 1934 శీతకాలంలో అతని రెండేళ్ళ కుమారుడు ఆంత్రపుచ్ఛం వాచి ప్రాణాపాయంలో పడ్డాడు. దారులన్నీ హిమంతో మూసుకుపోయి ఉన్నవి. బిడ్డను ఆసుపత్రికి చేర్చలేకపోయారు. బిడ్డ దక్కలేదు. అటుపిమ్మట బొంబార్డియే తన ప్రయోగాలను మరింత పట్టుదలతో సాగించి, 1937లో పట్టాను నడిపే పద్ధతికి పేటెంటు పొందాడు. ఏడుగురు కూర్చుండగల బండ్లను నిర్మించాడు. ఒకరిద్దరు ఎక్కే తేలికపాటి 'స్కీ-డూ' 1959లో వెలువడింది. హిమం అధికమై దారులు మూసుకుపోవడం వలన రూపుదిద్దుకొన్న ఈ యంత్రానికి నేడు హిమం చాలకపోవడమే పెద్ద సమస్య కావడం విచిత్రం.

సరస్సు కురిపించే హిమం

హౌటన్ పట్టణం సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన కీవినా ద్వీపకల్పంపై ఉన్నది. ఆ సరస్సు విస్తీర్ణం సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. అనగా తెలంగాణ రాష్ట్రంలో నాలుగింట మూడు వంతులు. శీతకాలారంభంలో సరస్సు నీరు ఇంకను కొంత వెచ్చగానే ఉంటుంది. కెనడా నుండి వీచే అతిశీతలమైన గాలి ఆ నీటిమీదుగా వస్తూ వేడిని, తేమను పుచ్చుకొని, ద్వీపకల్పపు కొండలను ఎక్కుతూ హిమంగా కురిపిస్తుంది. 1978-79 శీతకాలంలో అక్కడ 390.4 అంగుళాల హిమపాతం నమోదైనది. అనగా దాదాపు పది మీటర్లు!

ఇట్టి చోట హిమానికి కొదవేమని మీరు అడుగవచ్చును. ఇక్కడనే మొదటి చిక్కు ఉన్నది. ఈ విధమైన హిమపాతం సన్నని పట్టీలుగా పడుతుంది. గాలి దిశ కొద్దిగా మారితే ఒక ఊరిలో మోకాటి లోతున పడి, పది పదిహేను మైళ్ళ దూరంలోని మరొక ఊరిలో ఎండ కాయవచ్చును. సరస్సు వెచ్చగా ఉంటే చాలదు. పైనుండి వచ్చే గాలి చల్లగా ఉండవలెను. ఆ గాలి రాకపోతే హిమం పడవలసిన చోట వాన పడుతుంది.

ఎంత పడినదన్నది ఒక్కటే ప్రశ్న కాదు

రెండవ చిక్కు హిమపు స్వభావంలో ఉన్నది. సాధారణంగా ఒక అంగుళం నీటికి పది అంగుళాల హిమం సమానమని లెక్క వేస్తారు. సరస్సు నుండి వచ్చే తేలికపాటి హిమం ఇరవై అంగుళాలైనా ఒక అంగుళం నీటికి మించదు. దూదివంటి ఆ హిమం పన్నెండు అంగుళాలు పడినదని సంతోషిస్తే, బండ్లు నడిచిన తరువాత అణగి రెండు మూడు అంగుళాలే మిగులవచ్చును. కావున యాత్రికుడు చూడవలసినది నిన్న రాత్రి పడినదానిని కాదు, దాని క్రింద గట్టిపడి ఉన్న పునాదిని.

మూడవది దారి. 'గ్రూమర్' అనే పెద్ద యంత్రం గుట్టలుగా మారిన హిమాన్ని గీకి, పరచి, అదిమి దారిని చదును చేస్తుంది. చదును చేసిన హిమం రాత్రి చలిలో కొన్ని గంటలు కదలకుండా ఉంటేనే బిగుస్తుంది. అందుచేత శనివారం ఉదయం అద్దంలా ఉన్న దారి, వందలాది బండ్లు నడిచిన పిమ్మట సాయంత్రానికి గతుకులమయం అవుతుంది. మరొక సంగతి: ఈ దారులలో చాలా భాగం రైతుల పొలాలు, ప్రైవేటు అడవుల గుండా సాగుతాయి. భూస్వామి అనుమతిపైనే దారి నిలిచి ఉన్నది. హిమం చాలనప్పుడు బండి నడిపి పైరును చెరిపితే, అతడు అనుమతిని ఉపసంహరించుకొనవచ్చును. ఒకరి తొందరపాటు వలన అందరి దారీ పోతుంది.

నాలుగవది నేల. హిమం ఒక దుప్పటి వంటిది. నేల గడ్డకట్టక ముందే దట్టంగా హిమం పడితే, ఆ దుప్పటి క్రింద చిత్తడినేలలు వెచ్చగానే ఉండిపోతాయి. పైన తెల్లగా, దృఢంగా కనిపించే చోట బండి బురదలో దిగబడుతుంది. హిమం ఎక్కువగా పడడమే ఆ దారి తెరవకపోవడానికి కారణం కావచ్చునన్నమాట!

ఐదవది, అన్నిటికంటె ప్రమాదకరమైనది, సరస్సులపై మంచుగడ్డ. క్రొత్తగా ఏర్పడిన స్వచ్ఛమైన గడ్డపై మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాలు, స్నోమొబైల్‌కు 5 నుండి 7 అంగుళాల మందం ఉండవలెనని మిన్నెసోటా రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖ సూచిస్తున్నది. తెల్లగా, పాలరంగులో ఉన్న గడ్డకు బలం సగమే. కనుక మందం రెట్టింపు కావలెను. వాగులు కలిసే చోట, నీరు బయటికి పోయే చోట, వంతెనల క్రింద, ఊటల మీద మందం అడుగడుగుకూ మారుతుంది. నూటికి నూరుపాళ్ళు సురక్షితమైన మంచుగడ్డ అనేది లేదు.

యంత్రానికి కూడ హిమం ఆహారం వంటిది. నేటి బండ్లు అనేకం పట్టా ఎగజిమ్మే హిమంతోనే ఇంజను వేడిని తగ్గించుకొంటాయి. పట్టా జారే పలకలకు కూడ ఆ హిమమే కందెన. బోసి దారిపై నడిపితే ఇంజను వేడెక్కుతుంది, పలకలు కరుగుతాయి.

ప్రణాళిక ఎట్లు?

మిషిగన్‌లో ఈ దారుల కాలం డిసెంబరు 1 నుండి మార్చి 31 వరకు. కాని తేదీలు అనుమతిని ఇస్తాయి, హిమాన్ని ఇవ్వవు. మరి విద్యార్థికైనా, ఉద్యోగికైనా సెలవు దొరికేది శని, ఆదివారాలే. నిర్ణీతమైన సెలవును, అనిర్ణీతమైన హిమాన్ని కలపడమే ఇందలి సమస్య.

మొదటి సూత్రం: గొలుసు వంటి యాత్ర కాక, పువ్వురేకుల వంటి యాత్రను ఎన్నుకోవలెను. ప్రతి రాత్రి క్రొత్త ఊరిలో బస చేస్తూ సాగిపోయే యాత్రలో ఒక దారి మూతపడితే గొలుసంతా తెగుతుంది. ఒకేచోట బస చేసి, ప్రతిదినం ఒక దిక్కుకు వెళ్ళి సాయంత్రానికి మరలివస్తే, ఒక దిక్కు మూసినా తక్కిన దిక్కులు మిగిలి ఉంటాయి.

రెండవ సూత్రం: నిర్ణయాన్ని ఎంత ఆలస్యంగా తీసుకొనవచ్చునో అంత ఆలస్యంగా తీసుకోవలెను. వారం ముందటి వాతావరణ సూచన చలి వచ్చునా రాదా అన్నంతవరకే ఉపయోగపడుతుంది. హిమం ఎక్కడ, ఎంత అన్నది రెండు మూడు రోజుల ముందుగాని తేలదు. కావున సోమవారం ఆశపడవచ్చును. బుధవారం అంచనా వేయవచ్చును. శుక్రవారం మాత్రమే నిశ్చయించవలెను. బయానా తిరిగి ఇచ్చే బసకు నాలుగు డబ్బులు ఎక్కువైనా అది నష్టం కాదు.

మూడవ సూత్రం: ప్రశ్నను సరిగా అడుగవలెను. "దారి ఎట్లున్నది?" అని బస యజమానిని అడిగితే "బాగానే ఉన్నది, రండి" అంటాడు. అతని జీవనం మన రాకపై ఆధారపడి ఉన్నది. అది అతని తప్పు కాదు. "చివరిసారి ఎప్పుడు చదును చేశారు? ఎండ తగిలే చోట మట్టి కనిపిస్తున్నదా? చిత్తడినేల గడ్డకట్టిందా? నిన్న రాత్రి ఉష్ణోగ్రత ఎంత?" అని అడిగితే అభిప్రాయానికి బదులు వాస్తవం లభిస్తుంది.

నాలుగవ సూత్రం: తిరుగు ప్రయాణాన్ని ముందుగా లెక్కించవలెను. ఇంధనంలో మూడింట ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు ఆపదకు. డిసెంబరు చివర అక్కడ పగలు సుమారు ఎనిమిదిన్నర గంటలే. అడవిలో ఫోను పనిచేయని చోట్లు కలవు గనుక, ఏ దారిన వెళ్ళి ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఊరిలో ఒకరికి చెప్పి కదలవలెను.

ఐదవ సూత్రం అన్నిటికంటె ముఖ్యమైనది: ఏ గుర్తు కనిపిస్తే వెనుదిరగవలెనో ఇంటివద్దనే నిర్ణయించి, కాగితంపై వ్రాసుకోవలెను. దూరం వచ్చిన తరువాత, డబ్బు ఖర్చయిన తరువాత, మిత్రులు నవ్వుతారేమో అన్న బిడియం పట్టుకొన్న తరువాత మన బుద్ధి మనకు సరైన సలహా ఇవ్వదు.

ఒక వారాంతం

2023-24 శీతకాలం అమెరికా ప్రధాన భూభాగంలో అంతవరకు నమోదైనవాటిలో కెల్లా వెచ్చనిది. మిన్నెసోటాలో ఏటా జరిగే బేర్‌గ్రీజ్ కుక్కబండ్ల పందెం 2024లో హిమం లేక రద్దయినది. ఆ ఫిబ్రవరిలోనే మన పూర్వవిద్యార్థి, అతని ముగ్గురు మిత్రులు ద్వీపకల్పపు ఉత్తర కొనకు పోవడానికి బండ్లు అద్దెకు మాట్లాడుకొని బయానా చెల్లించారు. శనివారం సగం దారి వెళ్ళేసరికి ముందున్న దారికి 'మూసివేయబడినది' అన్న పలక అడ్డంగా ఉన్నది. ప్రక్కనే చిన్న సరస్సు. దానిని దాటితే అవతలి దారి కలుస్తుందని, మైలు దూరం కూడ లేదని ఒక మిత్రుడన్నాడు. మంచుగడ్డపై ఎవరిదో పాత జాడ కూడ ఉన్నదట.

మనవాడు జేబులోని కాగితం తీసి చదివాడు: 'మందం కొలవని గడ్డపై అడుగు పెట్టరాదు.' కొంత వాదన జరిగింది. కొంత పరిహాసం జరిగింది. చివరకు నలుగురూ వెనుదిరిగారు. బయానా పోయింది. ఆ సాయంత్రం బసలో కిచిడీ వండుకొని తిన్నారు. మరునాడు కారులో అదే సరస్సు ఆవలి ఒడ్డుకు వెళ్ళి చూడగా, నీరు బయటికి పోయే చోట గడ్డ లేదు. నల్లని నీరు పారుతున్నది. "సార్, ఆ నీటిని చూచిన తరువాత మాలో ఎవరమూ చాలాసేపు మాట్లాడలేదు" అని వ్రాశాడు.

ఇది దూరదేశపు ముచ్చట అని త్రోసివేయవలసిన పని లేదు. మన దేశంలోనే, స్నోమొబైళ్ళు నడిచే గుల్మర్గ్‌లో, చిల్లై కలాన్ అనబడే నలువది దినాల తీవ్రమైన చలికాలం నడుస్తుండగానే 2024 జనవరిలో కొండలు బోసిగా మిగిలాయి. అక్కడ 2025 ఫిబ్రవరిలో జరుగవలసిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలు హిమం చాలక మార్చికి వాయిదా పడినవి.

మన మెట్ట రైతుకు ఈ విద్య క్రొత్తది కాదు. మృగశిర కార్తె వచ్చినదని పంచాంగం చెప్పినా, అనుభవం గల రైతు వెంటనే విత్తడు. మట్టిని పిడికిట పట్టి, పదును ఎంత లోతుకు దిగినదో చూచి నాగలి కడతాడు. తేదీ అతనికి సూచన మాత్రమే. సాక్ష్యం చెప్పవలసినది నేల.

విద్యార్థి మిత్రులారా! ముందుకు సాగడానికి వేసుకొనే ప్రణాళికలు మీ వద్ద అనేకం ఉంటాయి. వాటి ప్రక్కన, ఎక్కడ ఆగవలెనో, ఏ గుర్తు చూచి మరలవలెనో తెలిపే ఒక వాక్యాన్ని కూడ వ్రాసి పెట్టుకొనండి. మన పూర్వవిద్యార్థి మరుసటి శీతకాలంలో, హిమం పుష్కలంగా పడిన ఒక శనివారం, ఆ ఉత్తర కొనకు వెళ్ళివచ్చాడు. ఆ కాగితం ఆనాడు కూడ అతని జేబులోనే ఉన్నదట.