ఫోల్డర్ తెరుచుకోవడం లేదా? ఫార్మాట్ కొట్టకండి!

ఫోన్ స్టోరేజీ నిండిన ప్రతిసారీ మనం చేసే పని ఒకటే. కేబుల్ పెట్టి ఫొటోలు, వీడియోలన్నీ ఇంట్లోని పాత కంప్యూటర్‌లోకి తోసేయడం. అక్క పెళ్లి, కాలేజీ టూర్, వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్‌లు... అన్నీ ఒకే ఫోల్డర్‌లో. కొన్నాళ్లకి ఆ ఫోల్డర్ మీద డబుల్ క్లిక్ చేస్తే పైన గీత నత్తలా పాకుతూనే ఉంటుంది. టీ తాగి వచ్చినా ఫైళ్లు కనిపించవు.

‘వైరస్ ఎక్కింది, ఫార్మాట్ కొట్టెయ్’ అనే ఫ్రెండ్ ఎప్పుడూ రెడీగా ఉంటాడు. ఆయన మాట వింటే ముందు పోయేది ఆ పెళ్లి ఫొటోలే. అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: బద్ధకం విండోస్‌దా, డిస్క్‌దా? మొదటిదైతే అయిదు నిమిషాల పని. రెండోదైతే మీ చేతిలో టైమ్ తక్కువ.

డ్రైవ్‌లో మిగతావన్నీ చకచకా తెరుచుకుంటూ, ఫొటోల ఫోల్డర్ ఒక్కటే మొరాయిస్తోందా? అయితే అనుమానం విండోస్ మీదే. అది ప్రతి ఫోల్డర్‌కీ ఒక రకం అంటగడుతుంది. లోపల ఫొటోలు ఎక్కువుంటే ‘పిక్చర్స్’, వీడియోలుంటే ‘వీడియోస్’. ఇక అక్కణ్నుంచి ఒక్కో ఫైల్లోకి తొంగిచూసి బుల్లి బొమ్మ తయారుచేయడం, తీసిన తేదీ, నిడివి వెతకడం మొదలుపెడుతుంది. ఎస్ఎస్‌డీలో ఇది పెద్దగా తెలీదు. హార్డ్ డిస్క్ అలా కాదు, అందులో నిజంగానే ఒక పళ్లెం తిరుగుతుంటుంది. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్క్‌లో ఒక్క చుట్టుకే దాదాపు 11 మిల్లీసెకన్లు. ఫైళ్లు వేలల్లో ఉంటే లెక్క మీరే వేసుకోండి.

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’లో ‘కస్టమైజ్’కి వెళ్లండి. ‘ఆప్టిమైజ్ దిస్ ఫోల్డర్ ఫర్’ దగ్గర ‘జనరల్ ఐటమ్స్’ ఎంచుకుని, కింద ఉన్న గడిలో టిక్ పెడితే లోపలి ఫోల్డర్లకీ వర్తిస్తుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ సతాయిస్తుంటే ‘గ్రూప్ బై’ని ‘నన్’ చేసి చూడండి. పనిలో పనిగా ఫొటోల్ని ఏడాదివారీగా విడగొడితే ఇంకా మంచిది. బయట పెట్టుకునే డిస్క్ మొదటిసారి మాత్రమే లేటై, తర్వాత బాగుంటే కంగారొద్దు. అది నిద్రలేవడానికి కొన్ని సెకన్లు పడుతుందంతే.

భయపడాల్సిన కేసు ఇంకోటి. అన్ని ఫోల్డర్లూ నెమ్మదే, కాపీ ప్రతిసారీ అదే ఫైలు దగ్గర ఆగుతోంది, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అంటూనే వేగం మాత్రం సున్నాకి దగ్గర్లో ఉంది. ఇలాంటప్పుడు డిస్క్‌లో కొంత భాగం పాడై ఉండొచ్చు. చదవలేకపోయిన చోటే డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అంతసేపూ మిగతా పనులన్నీ క్యూలో నిలబడాల్సిందే.

‘క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ ఆరోగ్యం చూడొచ్చు. పసుపు రంగులో ‘కాషన్’ అని వస్తే డిస్క్‌ని నమ్మొద్దు. 05, సీ5, సీ6 వరసల్లో చివరి అంకె సున్నా దాటి పెరుగుతోందంటే డిస్క్ అరిగిపోతున్నట్టే. పెరిగేది సీ7 ఒక్కటే అయితే ముందు కేబుల్ మార్చి చూడండి, చాలాసార్లు తప్పు దానిదే. అయితే అంతా ‘గుడ్’ అని చూపించిన డిస్కులు కూడా చచ్చిపోతాయి. పూర్తి భరోసా మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

ఇక్కడే చాలామంది ‘చెక్ డిస్క్’ నడిపేస్తారు. అది తర్వాతి పని. డిస్క్ మొత్తాన్ని జల్లెడ పట్టించడమంటే, జ్వరంతో ఉన్నవాణ్ని పరుగెత్తించడమే. దాని పని ఫైల్ సిస్టమ్‌ని సరిచేయడం, మీ ఫొటోల్ని కాపాడడం కాదు. ముందు ముఖ్యమైనవి కాపీ చేసుకోండి. పెళ్లి ఫొటోలు ముందు, సినిమాలు చివర్లో. కాపీ వేరే డిస్క్‌లోకే వెళ్లాలి సుమా! మన ఇళ్లల్లో డీ డ్రైవ్, ఈ డ్రైవ్ చాలావరకు ఒకే డిస్క్‌కి గీసిన గళ్లు. డీ నుంచి ఈ లోకి మార్చితే మునిగే పడవలో సీటు మారినట్టే.

టక్ టక్ మని శబ్దం వస్తుంటే మాత్రం కాపీ కూడా వద్దు. కంప్యూటర్ ఆపేసి, మళ్లీ ఆన్ చేయకుండా డేటా రికవరీ వాళ్లకి ఇవ్వండి. ఫ్రిజ్‌లో పెట్టడం, మూత విప్పి చూడడం లాంటి యూట్యూబ్ వైద్యాలు చేస్తే వాళ్లు కూడా చేతులెత్తేయొచ్చు.