బాలింత 42 రోజులు: వాడలో ఎవరు లెక్కపెడుతున్నారు?

కాన్పు అయ్యేదాకా అన్నిటికీ లెక్కుంటుంది. ఎన్ని చెకప్‌లు, ఎన్ని సూదులు, ఏ ఆసుపత్రి, ఏ తేదీ. బిడ్డ పుట్టాక లెక్కంతా బిడ్డ వైపు తిరుగుతుంది. తల్లి ఇంటికొచ్చాక ఆమెను ఎవరు చూశారు, ఎన్నిసార్లు చూశారు అని చాలా వాడల్లో అడిగేవాళ్లే ఉండరు.

ఒళ్లు కుదుటపడటానికి కనీసం ఆరు వారాలు పడుతుంది. అందులో మొదటి 24 గంటలు, ఆ తర్వాతి వారం బాగా ప్రమాదం. కాన్పుతో బీపీ పోయిందనుకుంటారు కానీ ఆ తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. గంట తిరక్కుండా గుడ్డ తడిసిపోయేంత రక్తం, జ్వరం, దుర్వాసన, భరించలేని తలనొప్పి, కళ్లు మసకబారడం, పిక్క వాచి నొప్పి, ఆయాసం - వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోతే ‘గాలి సోకింది’ అని తేల్చేయొద్దు. అది జబ్బు, దానికి వైద్యం ఉంది.

ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా రావాలి. వచ్చి బిడ్డ బరువొక్కటే చూసి వెళ్లిపోతే సరిపోదు, తల్లి సంగతీ అడగాలి. ఆశాలు కూడా చాలీచాలని పారితోషికంతో పనిచేసే ఆడవాళ్లే. మా ప్రశ్న వాళ్లమీద పెత్తనం చేసే వ్యవస్థకు.

పురుడు అంటే మైల అన్నారు. బొడ్డు కోసిన చేతులు, మాయ పాతిపెట్టిన చేతులు, రక్తపు గుడ్డలు ఉతికిన చేతులు ఏ కులాలవో ఊరందరికీ తెలుసు. ఊళ్లో బాలింతకు ఆ మైల పేరుతోనైనా కొన్నాళ్లు నడుం వాల్చే వీలు దొరికింది (అదీ ఒకరకం నిర్బంధమే అనుకోండి). ఆమెకు పురుడు పోసిన మన అమ్మమ్మలు మాత్రం తమ కాన్పయ్యాక పచ్చి ఒంటితోనే నాట్లకు పోయారు.

పథ్యం పేరుతో నీళ్లు తగ్గించి, పప్పు, గుడ్డు, ఆకుకూర మాన్పించి కారప్పొడి అన్నం పెట్టడం ఇంకా ఉంది. పాలిచ్చే తల్లికి కావాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వాడాలి. కార్జం, పెద్దకూర, ఎండుచేపలు నీచమని చెప్పినవాళ్ల మాట విని మానేయొద్దు, రక్తం తక్కువున్న ఒంటికి అవి మంచి తిండి.

మరి విశ్రాంతి? కూలి పోతే పొయ్యి వెలగని ఇంట్లో దాన్ని సలహాగా ఇచ్చి లాభం లేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ బాబాసాహెబ్ అంబేడ్కర్ మాట్లాడింది ఇదే: కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికి అవసరమని. 1929లో అది చట్టమైంది, కానీ ఫ్యాక్టరీ కార్మికులకే. 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. పొలం కూలికి అందులో చోటు లేదు.

2013 ఆహార భద్రత చట్టం ప్రతి తల్లికీ కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలంది. కేంద్రం మాతృ వందన యోజన మొదటి కాన్పుకు ఇచ్చేది 5,000. రెండోసారి ఆడపిల్ల పుడితేనే 6,000. ఆ 5,000ను 26 వారాలకు పంచి చూడండి, రోజుకు 27 రూపాయలు!

అదే చట్టం కాన్పు తర్వాత ఆరు నెలలదాకా అంగన్‌వాడీలో ఉచిత భోజనం హక్కు అంటుంది. సెంటర్ ఊళ్లో ఉండి, బాలింత వాడలో ఉంటే ఆ అన్నం ఆమె దాకా రాదు. కొత్త అంగన్‌వాడీలకు ఎస్సీ, ఎస్టీ ఆవాసాలను ముందు గుర్తించాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబర్‌లోనే చెప్పింది. పీహెచ్‌సీలోకి రాకుండా కులం పేరుతో అడ్డుకుంటే 2015 సవరణ తర్వాత అది అట్రాసిటీ చట్టం కింద నేరం.

విద్యార్థి మిత్రులు ఒక పని చేయొచ్చు. గత ఏడాది మీ మండలంలో కాన్పులెన్ని, ఆశా సందర్శనలెన్ని, అంగన్‌వాడీలు ఎక్కడెక్కడ ఉన్నాయి అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండలం మొత్తానికి ఒక సంఖ్య ఇచ్చి సరిపెడితే అప్పీలుకు వెళ్లండి. ఊరి లెక్క, వాడ లెక్క విడివిడిగా అడగండి. బాలింతల పేర్లు మాత్రం అడగొద్దు, తేదీలు చాలు.