కాపురం రెండు దేశాల్లో, తీర్పు ఏ దేశంలో?

వాళ్లది నైజీరియా. 1967లో పెళ్లయింది. అయిదుగురు పిల్లలు, 38 ఏళ్ల దాంపత్యం. భార్యాభర్తలిద్దరికీ బ్రిటిష్ పౌరసత్వం కూడా ఉంది. లండన్‌లోనూ లాగోస్‌లోనూ ఇళ్లున్నాయి. మనసులు విరిగాక భార్య లండన్ వచ్చేసింది, భర్త నైజీరియాలో విడాకుల దావా వేశాడు. అక్కడి కోర్టు ఆమెకు లాగోస్‌లోని ఒక ఇంట్లో బతికున్నంత కాలం ఉండే హక్కు, దాంతోపాటు పౌండ్లలో చెప్పుకోవాలంటే సుమారు 21,000 సొమ్ము ఇప్పించింది. లండన్ ఆస్తి భర్త చేతిలోనే ఉండిపోయింది.

ఆమె ఇంగ్లండ్ కోర్టు మెట్లెక్కింది. లాగోస్ ఇంటి మీద హక్కు వదులుకుంటే 2,75,000 పౌండ్లు ఇవ్వాలని లండన్ హైకోర్టు చెప్పింది. అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసినా, 2010లో బ్రిటన్ సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. ‘అగ్‌బాజే’ కేసుగా పేరుపడ్డ ఈ వ్యాజ్యానికి ఆధారం 1984 నాటి ఒక చట్టం. విడాకులు పరాయి దేశంలో అయిపోయినా, ఇంగ్లండ్‌తో తగినంత సంబంధం ఉన్నవాళ్లు అక్కడి కోర్టు అనుమతి తీసుకుని డబ్బు సంగతి అడగవచ్చని ఆ చట్టం చెబుతుంది.

ఇలాంటి కేసుల్లో వాదించడమే వృత్తిగా బతికే న్యాయవాదులు లండన్‌లో ఉన్నారు.

తెలుగువాళ్లకు బారిస్టర్ అనగానే టంగుటూరి ప్రకాశం పంతులో, మొక్కపాటివారి పార్వతీశమో గుర్తుకొస్తారు. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ లాయర్లు రెండు రకాలు. కక్షిదారుతో రోజూ మాట్లాడి, కాగితాలు సేకరించి, ఉత్తరాలు నడిపేది సొలిసిటర్. కేసు బలాబలాలపై అభిప్రాయం చెప్పి, కోర్టులో నిలబడి వాదించేది ప్రధానంగా బారిస్టర్. బారిస్టర్ కావాలంటే లింకన్స్ ఇన్, గ్రేస్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్ అనే నాలుగు సంస్థల్లో ఒకదాంట్లో చేరాలి. చదువు ముగిశాక 12 నెలలు ఒక సీనియర్ దగ్గర ‘ప్యూపిలేజ్’ చేయాలి. మొదటి ఆరు నెలలు చూసి నేర్చుకోవడమే, తర్వాతి ఆరు నెలల్లో సొంతంగా కోర్టుకు వెళ్లవచ్చు. అసలు పోటీ ఈ అవకాశం దొరకడం దగ్గరే. ఆపైన ‘చాంబర్స్’లో చోటు దొరికితే ఎవరి ప్రాక్టీసు వాళ్లది. జీతం ఉండదు, చాంబర్స్ గుమస్తాలు కేసులు పంచుతారు. ఏళ్ల తరబడి రాణించినవాళ్లకు ‘కింగ్స్ కౌన్సెల్’ హోదా వస్తుంది.

సినిమాల్లో కనిపించే తెల్లటి విగ్గు కుటుంబ కోర్టులో సాధారణంగా కనపడదు. మామూలు సూటులో, ఎక్కువగా ప్రజలకు ప్రవేశం లేని గదిలో వాదన జరుగుతుంది. బల్ల మీద మాత్రం కాగితాల గుట్ట ఉంటుంది.

ఆ గుట్టకు మూలం ‘ఫారం ఇ’. భార్యాభర్తలిద్దరూ తమ ఆస్తి, అప్పు, ఆదాయం, పెన్షన్, షేర్లు, ప్రపంచంలో ఎక్కడున్నా సరే, అందులో రాసి నిజమని సంతకం చేయాలి. 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేయాలి. వ్యాపారం ఉంటే రెండేళ్ల లెక్కలు కూడా. బారిస్టర్ పనితనం ఈ పుటలు చదవడంలో బయటపడుతుంది. స్టేట్‌మెంటులో ప్రతి నెలా ఏదో ఇంటి ఇన్సూరెన్సుకు డబ్బు పోతుంటుంది. ఆ ఇల్లు ఏది? ఫారంలో కనపడదు. ఓ వరుస చూపించి అడిగే ఇలాంటి ప్రశ్నతో దాచిన ఆస్తి బయటికి రావచ్చు.

దాచినవాడు నోరు విప్పకపోతే? 2013 నాటి ‘ప్రెస్ట్’ కేసులో ఒక చమురు వ్యాపారి లండన్‌లోని ఏడు ఇళ్లు తనవి కావని, కంపెనీలవని వాదించాడు. అడిగిన కాగితాలు ఇవ్వలేదు. భార్యాభర్తలు విడిపోతున్నారు కదా అని కంపెనీల చట్టాన్ని పక్కన పెట్టలేమని సుప్రీంకోర్టు అంది. అయితే ఆ ఇళ్లు కొన్న సొమ్ము ఎక్కడిదో చూసింది. నోరు మెదపనివారికి వ్యతిరేకంగా నిర్ణయానికి రావచ్చని చెప్పి, కంపెనీలు బినామీలేనని తేల్చి, ఇళ్లు భార్యకు ఇప్పించింది.

ప్రతి కేసూ తీర్పు దాకా పోదు. చివరి విచారణకు ముందు రాజీ కోసం ఒక రోజు కేటాయిస్తారు. ఇరుపక్షాల వాదన విన్న జడ్జి, ‘నేనే తీర్పిస్తే ఇంత ఇస్తాను’ అని సూచిస్తారు. రాజీ కుదరకపోతే ఆ జడ్జి తుది విచారణ చేయరు, కాబట్టి అందరూ మనసు విప్పి మాట్లాడవచ్చు. ఆ రోజు బారిస్టర్ పని చాలావరకు వరండాలోనే. ప్రతిపక్షం బారిస్టర్‌తో బేరమాడి, తిరిగొచ్చి కక్షిదారుకు చేదు నిజం చెప్పాలి. ఏళ్ల కాపురం తాలూకు కోపమంతా అంకెల్లోకి దిగిన ఆ గంటల్లో వాదనా పటిమ కంటే ఓర్పు ఎక్కువ అక్కరకొస్తుంది.

ఇంగ్లండ్ చట్టం ఇంత చర్చకు రావడానికి పెద్ద కారణం 2000 నాటి ‘వైట్’ తీర్పు. సోమర్సెట్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా కలిసి సేద్యం చేసిన దంపతులది ఆ కేసు. సంపాదించినవారికీ ఇల్లు చక్కబెట్టినవారికీ మధ్య వివక్ష చూపకూడదని, సమాన వాటాను కొలబద్దగా పెట్టుకుని పంపకం సరిచూసుకోవాలని లార్డ్ నికోల్స్ రాశారు. పిల్లల్ని పెంచి, ఇంటిని నడిపి, జీతం లేకుండా పనిచేసిన కోట్లాది ఆడవాళ్ల శ్రమకు చట్టంలో ఒక విలువ కట్టిన మాట అది.

అలాగని అన్నిట్లోనూ సగం రాదు. 2025 జులైలో తేలిన ‘స్టాండిష్’ కేసులో భర్త పన్ను మిగుల్చుకోవడానికి 7.78 కోట్ల పౌండ్ల ఆస్తిని భార్య పేరిట పెట్టాడు. అందులో అధిక భాగం అతను పెళ్లికి ముందే సంపాదించింది. పేరు మార్చినంత మాత్రాన అది ఉమ్మడి సొత్తు కాదని సుప్రీంకోర్టు అంది.

మన సంగతికొస్తే, గోవాను మినహాయిస్తే భారతదేశంలో విడాకుల వేళ ఆస్తిని సమానంగా పంచే చట్టం లేదు. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ శాశ్వత భరణం ఇప్పిస్తుంది, స్త్రీధనం భార్యది. ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు జంట విడిపోతే ఒకరు లండన్‌లో, మరొకరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దావా వేయాలనుకోవడానికి కారణం ఈ తేడానే. అప్పుడు ఊళ్లో నాన్న ఇచ్చిన పొలం రిజిస్ట్రేషన్ విలువ ఎంత, అసలు ధర ఎంత, అది ఉమ్మడి కుటుంబానిదా, పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది అనే ప్రశ్నలన్నీ లండన్ కోర్టుకు వెళతాయి. మన చట్టం తెలిసిన నిపుణుల నివేదిక అవసరమవుతుంది.

విదేశీ విడాకులు ఇక్కడ చెల్లుతాయా అన్నదానికి దారి చూపిన కేసు కూడా తెలుగువాళ్లదే. 1975లో తిరుపతిలో పెళ్లయిన జంట విడిపోయాక, భర్త అమెరికాలోని మిస్సోరీలో విడాకులు తెచ్చుకుని 1981లో యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. 1991లో మన సుప్రీంకోర్టు ఆ విడాకులు చెల్లవంది. ఆ జంటకు వర్తించే వివాహ చట్టం ఒప్పుకునే కారణంతో, రెండో పక్షం కూడా కోర్టు అధికారాన్ని మనస్ఫూర్తిగా అంగీకరిస్తే విదేశీ డిక్రీకి విలువ ఉంటుందని సూత్రం పెట్టింది. అయితే 2022 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండ్‌లో ఎవరి తప్పూ చూపకుండా ఒక్కరే విడాకులు అడగవచ్చు. అలా వచ్చిన డిక్రీని అవతలివారు ఒప్పుకోకపోతే ఇక్కడ చిక్కు తప్పకపోవచ్చు.

చాలామంది ఆలస్యంగా తెలుసుకునే సంగతి ఇంకొకటుంది. ఇంగ్లండ్‌లో విడాకుల తర్వాత డబ్బు అడగడానికి ఇన్నేళ్లని గడువు లేదు. 1992లో విడాకులైన ఒకామె, పవన విద్యుత్ వ్యాపారంలో ధనవంతుడైన మాజీ భర్తపై 2011లో కేసు వేస్తే, 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు దాన్ని ముందుకు సాగనిచ్చింది. అదే, దరఖాస్తు పెట్టకుండా మళ్లీ పెళ్లి చేసుకుంటే మాజీ భాగస్వామిని భరణం గానీ ఏకమొత్తం గానీ ఆస్తి గానీ అడిగే దారి మూసుకుపోతుంది. విదేశీ విడాకుల మీద వేసే దావాకూ ఇదే నిబంధన. రెండో పెళ్లి ముహూర్తం పెట్టుకునే ముందే లాయరును కలిసి, ఆ దరఖాస్తు కోర్టులో పడిందో లేదో చూసుకోవాలి.