తాతల నియమము

“మా తాతలు నేతులు త్రాగినారు, మా మూతులు వాసన చూడుడు” అను సామెతను వినని తెలుగు బాలుడుండడు. తాత త్రాగిన నేయి మనుమని కడుపు నింపదని దాని భావము. కాని తాతకు వోటుండెను గనుక మనుమనికిని వోటుండవలెనని శాసించిన సీమలు కలవు. ఇంగ్లీషున ‘గ్రాండ్‌ఫాదర్ క్లాజు’ అను పేరు అందుండియే పుట్టినది. దానిని మనము ‘తాతల నియమము’ అనవచ్చును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో బానిసత్వము 1865లో రద్దయ్యెను. జాతినిబట్టి గాని వర్ణమునుబట్టి గాని ఎవరికిని వోటు నిరాకరింపరాదని 1870లో ఆ దేశ రాజ్యాంగమునకు పదునైదవ సవరణ చేర్చబడెను. దక్షిణ రాష్ట్రములలోని తెల్లవారి ప్రభుత్వములకు ఇది కంటగింపయ్యెను. నల్లవారని పేర్కొని త్రోసివేయుటకు వీలులేదు గనుక వారు వేరొక ఉపాయము పన్నిరి. చదువను వ్రాయను నేర్చినవారికి గాని, 300 డాలర్ల ఆస్తి గలవారికి గాని తప్ప వోటు లేదని 1898లో లూసియానా రాష్ట్రము నియమించెను. ఇట్లయిన చదువురాని పేద తెల్లవారును వోటు కోల్పోవుదురు గదా! అందుకై మరియొక వాక్యమును చేర్చిరి. 1867 జనవరి 1వ తేదీనాటికి వోటుండినవారికిని, వారి కుమారులకును, మనుమలకును ఈ నిర్బంధము లేదు.

ఆ తేదీని గమనింపుడు. అచటి నల్లవారికి వోటు కలిగించిన శాసనము 1867 మార్చి నెలలో వచ్చెను. శాసనమున జాతి పేరెత్తలేదు. పనియంతయు తేదీయే చేసెను. 1896లో అచట నమోదయిన నల్లజాతి వోటర్లు 1,30,334 మంది. 1900 నాటికి మిగిలినవారు 5,320 మంది.

ఓక్లహోమా రాష్ట్రము 1910లో చేసికొన్న ఇట్టి నియమమును 1915లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము కొట్టివేసెను. అంతట ఆ రాష్ట్రము, 1914లో వోటు వేసినవారు తప్ప తక్కినవారు 1916లో 12 దినములలోపల పేరు నమోదు చేసికొననిచో ఎన్నటికిని వోటులేదని శాసించెను. ఇదియు 1939లో కొట్టివేయబడెను.

అట్లయిన పాత హక్కును కాపాడు నియమములన్నియు అన్యాయములేనా? కావు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము, ఇద్దరికంటె ఎక్కువ సంతానము గలవారు పంచాయతీ పదవులకు పోటీచేయరాదనెను. కాని అప్పటికే ఎక్కువమంది బిడ్డలుండినవారిని, ఆ సంఖ్య పెరుగనంతకాలము, అనర్హులుగా నెంచలేదు. చట్టము అమలులోనికి వచ్చిన ఒక సంవత్సరములోపల పుట్టిన బిడ్డను లెక్కింపలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ నిబంధన 2024లో తొలగింపబడెను. నిబంధన మంచిదా కాదా యనునది వేరు ప్రశ్న. ముందుగా తెలియని నియమమునకు ఎవరిని శిక్షింపరాదని మాత్రము ఆ మినహాయింపు చెప్పెను.

రెంటియందును ఒక తేదీ కలదు. ఒక తేదీ, అందరికిని సమానముగా, తెలియక చేసినదానిని మన్నించెను. రెండవ తేదీ, తాను ఏమి చేసినను దాటలేని గోడను పుట్టుకనుబట్టి మనుష్యునియెదుట నిలిపెను. న్యాయాన్యాయములను నిర్ణయించునది ఈ భేదమే.

మన దేశమునను 1935 నాటి చట్టము క్రింద బ్రిటిషు రాష్ట్రములలో ఆస్తి, పన్ను, చదువు మున్నగు అర్హతలనుబట్టి వోటు లభించుచుండెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగమందలి 326వ అధికరణము ఆ అర్హతలను తీసివేసి, 21 ఏండ్లు నిండిన స్త్రీ పురుషులకందరికిని వోటు నిచ్చెను. 1989లో ఆ వయస్సు 18 ఏండ్లకు తగ్గింపబడెను. 1951 జనాభా లెక్కలలో నూటికి సుమారు 18 మందియే అక్షరాస్యులు. ఆనాడు లూసియానావలె చదువు పరీక్ష పెట్టియుండినచో, మన పూర్వులలో ఎందరు వోటు వేయగలిగియుందురు?

విద్యార్థులారా, పెద్దవారై శాసనములను చదువునప్పుడు వాని సొంపైన మాటలతో తృప్తిపడకుడు. ఆ తేదీకి ఈవల నిలిచినవాడెవడు, ఆవల మిగిలినవాడెవడు అని అడుగుడు.